చీటీ రాసివ్వండి సార్

తిరుపతిలో ఉండేవాడికి బంధువులు ఎక్కువ. ఎప్పుడో ఒక పెళ్ళిలో మన పక్కన కూర్చుని తిన్న మనిషి కూడా ఫోన్ చేసి "ఏమప్పా, బాగుండావా?" అన్నాడంటే, మూడో మాట దర్శనం గురించేనని మాకు తెలుసు. విసుక్కుంటాం, కానీ చేసిపెడతాం. అది ఈ ఊరి మర్యాద. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అదే మర్యాదను డ్యూటీ చేసి నెత్తిన పెడితే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నన్నాళ్ళూ నాకలా మండుతూనే ఉండింది. మండడం తప్ప నేను చేసిందేమీ లేదు. చేసిన మనిషి నా పక్క బల్ల దగ్గర కూర్చునేది. ఇది ఆమె గురించి.

మాది కీటకశాస్త్రం. నేను పట్టుపురుగు మీద పనిచేశాను. పలమనేరు దగ్గర పల్లెలో మల్బరీ ఆకు కోస్తూ, పురుగులకు మేత వేస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇంకో పురుగు వైపు నా చూపు పోలేదు. నేను చేసే పరిశోధన ఏమిటో మా నాయనకు చివరిదాకా అర్థం కాలేదు. "ఇంట్లో లేవా పురుగులు? వాటిని సూసేదానికి తిరుపతి దాకా పోవల్నా?" అనేవాడు. ఆమెది కార్వేటినగరం దగ్గర ఒక పల్లె. వాళ్ళమ్మ మామిడి తోటల్లో కూలికి పోయేది. ఆమె ఎంచుకున్నది మామిడి పూతను పీల్చి పాడుచేసే తేనెమంచు పురుగును. నాకన్నా మూడేళ్ళు పెద్ద. శాఖలో అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం, ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా.

ఆమె పనిలో ఒక చిక్కు ఉంది. పట్టుపురుగులనైతే నేను ఏడాదికి ఐదారు పంటలు పెంచి చూసుకోవచ్చు. మామిడి పూత ఏడాదికి ఒక్కసారే. చలికాలంలో పూత మొదలైందంటే ఆమె మొదటి బస్సెక్కి తోటలకు పోయేది. మెడలో దారానికి కట్టిన భూతద్దంతో ఒక్కో కొమ్మ కింద నిలబడి పురుగులు చూసి రాసుకునేది. ఆ నెలన్నరలో చూసినదే చూసినట్టు. తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. మేమంతా నెలల్లో మాట్లాడుకునేవాళ్ళం, ఆమె పూతల్లో మాట్లాడేది. పరిశోధన ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే "ఇంగ రెండు పూతలు ఉండాది" అనేది.

పరిశోధకుడికి పరిశోధన ఒక్కటే పని అని బయటివాళ్ళు అనుకుంటారు. ఎమ్మెస్సీ పిల్లలకు ప్రాక్టికల్సు చేయించేది మేమే. పరీక్షల్లో కాపలా మేమే. తనిఖీ బృందం వస్తుందంటే ఫైళ్ళకు అట్టలు వేసేదీ, గోడలకు చార్టులు అంటించేదీ మేమే. రేణిగుంట విమానాశ్రయానికి పోయి అతిథులను తెచ్చేదీ మేమే. అన్నిటికన్నా పెద్దది కొండ. ఎవరి వైవాకైనా బయటి విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకుడు వస్తే, ఆయననూ ఆయన కుటుంబాన్నీ కొండకు తీసుకుపోయి, దర్శనం చేయించి, లడ్లు చేతికిచ్చి కిందికి దించేదాకా ఒక స్కాలరు వెంట ఉండాలి. మిగతా ఊళ్ళ పరిశోధకులకు ఈ విద్య రాదు. మాకు మాత్రం సిద్ధాంత గ్రంథం ఎలా రాయాలో తెలియకముందే, సిఫారసు ఉత్తరం ఎక్కడ ఇవ్వాలో, మోకాళ్ళ నొప్పులవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసిపోయేది. చిత్తూరు నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. కెమిస్ట్రీ. వాళ్ళ అబ్బాజాన్‌కు చిత్తూరు బజారులో తాళాల దుకాణం. అతన్నీ పంపేవాళ్ళు. అతిథులు లోపలికి పోతే బయట వాళ్ళ చెప్పులూ ఫోన్లూ పెట్టుకుని కూర్చునేవాడు. "చెప్పుల కాపలాలో నాకు ఎప్పుడో డాక్టరేట్ వచ్చేసింది భాయ్" అని నవ్వేవాడు. నాకైతే నవ్వు వచ్చేది కాదు.

మా శాఖాధిపతి చెడ్డవాడు కాదు. ఆమెకూ నాకూ ఆయనే గైడు. పాఠం చెబితే గంట తెలిసేది కాదు, ఎవరికైనా ఒళ్ళు బాగాలేదంటే సొంత కారులో ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. కాకపోతే ఆయన గైడుకు ఆయన ఇవన్నీ చేశాడు, మాతో ఆయన చేయించుకున్నాడు. ఇందులో అడగడానికి ఏముంటుందని ఆయన నిజంగానే అనుకునేవాడు.

ఆమె నాలుగో పూత సమయంలో శాఖలో పెద్ద సదస్సు పెట్టారు. సరిగ్గా పురుగు విజృంభించే వారం. ఆమెను ఐదు రోజులు అతిథుల పనికి వేశారు. "తోటకు పోవల్ల సార్" అని రెండుసార్లు చెప్పింది. "ఐదు రోజులే కదమ్మా, తోట యాడికి పోతుంది?" అన్నాడాయన. ఆరో రోజు ఆమె తోటకు పోయేసరికి రైతు మందు కొట్టించేశాడు. అది అతని తప్పు కాదు, అతని పంట అతను కాపాడుకున్నాడు. ఆ చెట్ల మీద చూడడానికి పురుగే లేదు. ఆ ఏడాది పోయింది. ఆమె ఏడవలేదు, అరవలేదు. సోమవారం వచ్చి నా బల్ల పక్కన నిలబడి "పోయిన నెల్లో నీ సొంత పని ఎన్నాళ్ళు చేసినావప్పా?" అని అడిగింది. నేను తడుముకుంటుంటే ఇంకో శాఖకు పోయి అక్కడివాళ్ళను అదే అడిగింది. వారం తిరిగేసరికి ముప్ఫై మంది స్కాలర్లు సైకిల్ స్టాండు రేకుల కింద చేరాం. సంఘం పెట్టాలి అన్నారు అందరూ. నేను గట్టిగా అన్నవాళ్ళలో ఒకణ్ణి.

సంఘం రిజిస్టరు చేయించడానికి కార్మిక శాఖ ఆఫీసుకు ముగ్గురం పోయాం. ఆమె, నేను, చిత్తూరు మిత్రుడు. అక్కడి అధికారి మా అర్జీ రెండుసార్లు చదివాడు.

"మీరు స్టూడెంట్లా, పనోళ్ళా?" అన్నాడు.

"రెండూ సార్," అంది ఆమె.

"రెండూ అయ్యేదానికి లేదమ్మా. జీతం చీటీ ఉండాదా?"

"ఫెలోషిప్ సార్."

"అది జీతం గాదే. సరే, మీతో పని చేయించుకుంటాండారని కాగితమేమన్నా ఉండాదా? ఫలానా పని చేయి అని ఎవురన్నా రాసిచ్చినారా?"

"లేదు సార్. అంతా నోటిమాటే."

"నోటిమాటను నేను ఫైల్లో యాడ పెట్టేదమ్మా?" అని అర్జీ వెనక్కి ఇచ్చేశాడు. మర్యాదగానే ఇచ్చాడు, మంచినీళ్ళు కూడా తాగి పొమ్మన్నాడు.

బయటికి వచ్చి నేను ఆయన్నీ, ఆయన ఆఫీసునూ, దేశాన్నీ కలిపి తిట్టాను. ఆమె రోడ్డు పక్కన మజ్జిగ కొనుక్కుని నిదానంగా తాగింది.

"ఆయన మంచి మాట సెప్పినాడప్పా," అంది.

"ఏం మంచి మాటక్కా? పొమ్మన్నాడు."

"రాసియ్యమని అడగల్ల. మనం ఎప్పుడన్నా అడిగినామా?"

మా పోరాటమంతా ఆ మజ్జిగ గ్లాసు దగ్గర పుట్టింది. ధర్నా లేదు, నినాదాల్లేవు, గేటు దగ్గర టెంటు లేదు. ఆమె పెట్టిన నియమం ఒక్కటే. పరిశోధన కాని పని ఎవరు చెప్పినా చేయనని అనకూడదు. గొంతు పెంచకూడదు. "తప్పకుండా చేస్తాను, ఒక చీటీ రాసివ్వండి సార్" అనాలి. రాసిచ్చారా, మా చేత పని చేయిస్తున్నారని మాకొక కాగితం దొరికినట్టు. రాసివ్వలేదా, ఆ పని ఉన్నట్టే లేదు. "పెన్ను మీదే ముందుకు పెట్టండి. పెన్ను లేదనే మాట వాళ్ళకు మిగలకూడదు," అని కూడా చెప్పింది. ఎవరైనా మొహమాటపడి చీటీ లేకుండా చేసేస్తే, శనివారం మధ్యాహ్నం సైకిల్ స్టాండు కింద అందరి ముందూ లేచి తనంతట తానే చెప్పాలి. శిక్ష లేదు, తిట్లు లేవు. చెప్పాలి, అంతే.

మొదటివాడు చిత్తూరు మిత్రుడే. వాళ్ళ ప్రొఫెసరు తన తోడల్లుడి కుటుంబాన్ని కొండకు తీసుకుపొమ్మన్నాడు. వీడు చేతులు కట్టుకుని, "అలాగే సార్, చీటీ రాసివ్వండి" అని పెన్ను తీసి పెట్టాడు. ఆయన నిజంగానే లెటర్‌హెడ్ ముందుకు లాక్కుని తేదీ వేశాడట. విషయం అని రాసి, దాని కింద ఏం రాయాలో తోచక ఆగిపోయాడట. తోడల్లుడు అనే మాట ఆ కాగితం మీద ఎలా ఇముడుతుంది? కాసేపు పెన్ను అటూ ఇటూ తిప్పి, "సరేలేప్పా, వాళ్ళే పోతార్లే" అన్నాడట. ఆ శనివారం మేం నవ్విన నవ్వుకు క్యాంటీన్లో వాళ్ళు బయటికి వచ్చి చూశారు.

ఆ తర్వాత విశ్వవిద్యాలయమంతా అదే మాట. అటెండర్లు మాకు చీటీల సంఘం అని పేరు పెట్టారు. ఏడాది గడిచినా మాకు ఒక్క చీటీ కూడా రాలేదు. కానీ నేను ఒక్కసారి కూడా రేణిగుంట పోలేదు. నా పట్టుపురుగులు వేళకు మేత తిన్నాయి. ఆమె ఆఖరి పూత మొత్తం, మొదటి మొగ్గ నుంచి పిందె దాకా, ఒక్క రోజు వదలకుండా చూసింది. ఆమెను చూస్తే నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇంకెవరి మీదా కలగలేదు. కోపాన్ని పనిలా చేయవచ్చని ఆమె దగ్గరే చూశాను. నా కోపం మాత్రం ఎప్పుడూ నోటితోనే అయిపోయేది.

అయితే ఆమెకు కావలసింది ఇంకా దొరకలేదు. ఆఫీసులో ఫైల్లో పెట్టడానికి ఒక్క కాగితమైనా కావాలి. ఈలోగా ఆమె గ్రంథం పూర్తయింది, వైవా తేదీ వచ్చింది. కోస్తా జిల్లాల నుంచి పెద్ద ప్రొఫెసరు పరీక్షకుడు. ఆ శనివారం ఆమె మా అందరికీ చెప్పింది, "నా వైవాకు వచ్చే ఆయనతో ఎవురూ కొండకు పోవద్దండి. నా దగ్గర్నే ఇది నిలబడకపోతే ఇంగ యాడా నిలబడదు."

మర్నాడు కాక ఆ తర్వాత రోజు శాఖాధిపతి నన్ను గదికి పిలిచాడు. "ఎక్స్‌టర్నల్ భార్యతో వస్తాండాడు. వైవాకు ముందు రోజు ఉదయం దర్శనం. ఉత్తరం తెప్పించినాను, కారు చెప్పినాను. నువ్వు పోయిరా," అన్నాడు.

నేను పెన్ను తీశాను. ఆయన దాన్ని చూసి కోప్పడలేదు. తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"సూడప్పా. ఆయన పెద్దమనిషి. వచ్చినాక పలకరించేవాళ్ళు లేక మనసు నొచ్చుకున్నాడనుకో, 'ఇంకా పరిశీలన కావాలి' అని ఒక్క వాక్యం రాస్తాడు. ఆ పిల్ల మళ్ళా రెండు పూతలు కాచుకోవల్ల. ఆరేళ్ళయింది. ఇంగ రెండేళ్ళు నిలబడుతుందా? నీ ఇష్టం. నేను బలవంతం చేయను."

ఆయన నన్ను బెదిరించలేదు. ఆయన ఆ మాట నమ్మాడు. నేనూ నమ్మాను. పెన్ను జేబులో పెట్టుకున్నాను. ఆమెకు చెబితే వద్దంటుంది, చెప్పకుండా చేస్తే ఆమె పని అవుతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. త్యాగం చేస్తున్నట్టు కూడా అనిపించింది, సిగ్గులేకుండా.

ఆ ఉదయం తెల్లపంచె కట్టుకుని అతిథి గృహానికి పోయాను. ప్రొఫెసరు సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. భార్యకు మోకాళ్ళు బాగా నొప్పి. అలిపిరి తనిఖీ దగ్గర దిగడానికే ఆవిడ అవస్థపడింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్ళు మూసుకుని కూర్చుంది. పైన క్యూలో బల్ల దొరకగానే కూర్చోబెట్టాను. దర్శనం అయింది. బయటికి వచ్చి లడ్లు తీసుకుని మండపం నీడలో కూర్చున్నాక ఆవిడ నా వంక జాలిగా చూసింది.

"మా కోసం నీ పనంతా పాడైంది కదా బాబూ. పోయిన నెలలోనే మా అమ్మాయి వాళ్ళతో వచ్చి వెళ్ళాం. ఈ మోకాళ్ళతో మళ్ళీ ఎందుకండీ అన్నాను. మీ సార్ అన్నీ ఏర్పాటు చేశామన్నారట. కాదంటే ఏమనుకుంటారోనని ఈయన వద్దనలేకపోయారు."

నేను ప్రొఫెసరు వంక చూశాను. ఆయన ఇబ్బందిగా తల ఊపాడు. "మీ దగ్గర ఇది ఆనవాయితీ అన్నారు. వద్దంటే ఆ అమ్మాయికి ఏమైనా ఇబ్బంది అవుతుందేమోనని వచ్చాను," అన్నాడు.

ఆయనకు అక్కర్లేదు. ఆవిడకు అసలే అక్కర్లేదు. నాకు అక్కర్లేదు. ఆమెకు వద్దే వద్దు. ఇంతమందిమి ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని కొండెక్కి కూర్చున్నాం. నాకు చచ్చేంత కోపం వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ కోపంలో అన్నీ చెప్పేశాను. సదస్సు కోసం పోగొట్టుకున్న పూత, కార్మిక శాఖ ఆఫీసు, చీటీలు, ఆమె వద్దన్నా నేను వచ్చిన సంగతి. ఆయన చివరిదాకా విన్నాడు. కారు దగ్గరికి రాగానే సంచిలోంచి తన లెటర్‌హెడ్ తీసి, కారు బానెట్ మీద పెట్టుకుని రాశాడు. శాఖాధిపతి సూచన మేరకు ఆ శాఖ పరిశోధక విద్యార్థి ఒకరు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తనకూ తన భార్యకూ తోడుగా కొండకు వచ్చారనీ, ఈ పని ఆ విద్యార్థి పరిశోధనలో భాగం కాదనీ. కింద సంతకం, హోదా, తేదీ. "చీటీ అన్నావుగా. ఇంద," అన్నాడు.

మర్నాడు వైవాలో ఆయన ఆమెను గంటసేపు ప్రశ్నలు అడిగాడు. మొహమాటం చూపించలేదు. ఆమె తడబడలేదు. డాక్టరేట్‌కు అర్హురాలని ప్రకటించారు, చప్పట్లు కొట్టాం. టీ తాగుతూ ఆయన ఆమెతో, "మీ సంఘం సంగతి విన్నానమ్మా. మీ మిత్రుడికి చీటీ రాసిచ్చాను," అన్నాడు. మంచే చేశాననుకున్నాడు. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ కప్పు కింద పెట్టేసింది.

వరండాలో నన్ను ఆపి చీటీ అడిగింది. ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"ఏడాదిన్నర ఒక్క కాగితం కోసం కాచుకోనుంటిమి," అంది. "అది నా వైవా ముందు రోజు తేదీతోనే రావల్నా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ కాగితం బయటపెడితే, ఈమె డిగ్రీ దర్శనం చేయించి తెచ్చుకున్నది అంటారు. దాచిపెడితే సంఘానికి ఆధారం లేదు. నేను ఆమెకు చేసిన ఉపకారం అది. "చించేయక్కా. ఎవురికీ తెలీదు," అన్నాను.

"నాకు తెలుసు కదా," అని దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

శనివారం సైకిల్ స్టాండు కింద ఆమె ఆ చీటీ అందరికీ చదివి వినిపించింది. అందులో నా పేరు లేదు. "ఎవురు పోయినారక్కా?" అని అడిగారు. "పోయినోళ్ళే సెప్తారు," అని ఆగింది. నేను ఎదురుగా ఉన్న సైకిల్ చక్రం వంక చూస్తూ కూర్చున్నాను. లేవలేదు. నియమం పెట్టిన రోజు అందరికన్నా గట్టిగా తల ఊపినవాణ్ణి నేనే.

ఆ తర్వాత మాట పాకింది. మనకు నీతులు చెప్పి తన పనికి తన మనిషిని పంపుకుంది అన్నారు. రెండు శనివారాలు సగం మంది రాలేదు. క్యాంటీన్లో ఆమె బల్ల దగ్గర కూర్చోవడం కొందరు మానేశారు. చిత్తూరు మిత్రుడు ఒక్కడే ఎప్పటిలా వచ్చి, తన డబ్బాలోంచి సగం ఆమెకు పెట్టేవాడు. ఆమె నా పేరు ఒక్కసారి చెబితే తన మీద మాట పడదు. చెప్పలేదు. నా గ్రంథం ఇంకా శాఖాధిపతి చేతిలోనే ఉందని ఆమెకు తెలుసు.

ఆ చీటీని జతచేసి ఆమె రెండు అర్జీలు రాసింది. ఒకటి కార్మిక శాఖ ఆఫీసుకు. అక్కడి అధికారి చీటీని వెలుతురులో పెట్టి చూసి, "ఇదైతే పెట్టొచ్చమ్మా" అని రసీదు ముద్ర వేసిచ్చాడు. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. రెండోది రిజిస్ట్రారుకు. స్కాలర్ల చేత ఇలాంటి పనులు రాతపూర్వక ఉత్తర్వు లేకుండా చేయించకూడదని అడిగింది. చివర ఇంకో వాక్యం రాసింది. ఈ చీటీ తన వైవా ముందు రోజుది కాబట్టి, ఆ వైవాను పక్కనపెట్టి వేరే పరీక్షకుడితో తనకు మళ్ళీ వైవా పెట్టమని. అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరని ఆఫీసు సూపరింటెండెంటు నిబంధనల పుస్తకమంతా తిరగేశాడట. శాఖాధిపతి ఆమెను పిలిచి గంటసేపు బతిమాలాడు. "వచ్చినదాన్ని ఎవురన్నా వాపసు ఇస్తారా తల్లీ? రెండోసారి పోతే?" అన్నాడు. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. ఆమె, "పోతే మళ్ళా పూతకు కాచుకుంటా సార్," అందట.

మూడు నెలలకు సర్క్యులర్ వచ్చింది. పరిశోధన కాని పనులు రాతపూర్వక ఉత్తర్వు లేనిదే అప్పగించరాదు. నోటీసు బోర్డు దగ్గర గుంపు చేరి చదివాం. పది రోజులకు రెండో వైవా. ఈసారి పరీక్షకుడు బస్సు దిగి, ఆటోలో వచ్చి, దారి తెలియక క్యాంటీన్లో అడిగి, గొడుగు చంకలో పెట్టుకుని ఒక్కడే మా శాఖ మెట్లెక్కాడు. శాఖాధిపతి కంగారుపడ్డాడు. ఆయన మాత్రం "టీ దొరుకుతుందా?" అని అడిగి, తాగి, హాల్లోకి వచ్చి కూర్చున్నాడు.

హాలు నిండిపోయింది. రావడం మానేసినవాళ్ళు కూడా వచ్చారు. పడిపోతుందేమో చూద్దామని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆయన రెండు గంటలు వదల్లేదు. ప్రతి పటం మీద ప్రశ్న వేశాడు. తప్పిపోయిన నాలుగో పూత గురించి కూడా అడిగాడు, ఆ ఏడాది లెక్కలు ఎందుకు లేవని. "నేను తోటలో లేను సార్," అంది, అంతకుమించి ఎవరినీ అనలేదు. చివరికి ఆయన పుస్తకం మూసి, ఆనవాయితీ ప్రకారం హాల్లో ఎవరికైనా ప్రశ్నలుంటే అడగవచ్చన్నాడు.

నేను లేచాను. శాఖాధిపతి మొదటి వరసలో ఉన్నాడు. "ఆరోజు కొండకు పోయింది నేను," అన్నాను. "అక్క పంపలేదు. అక్కకు తెలీదు. పోవద్దన్నా పోయినాను. ఇన్నాళ్ళూ సెప్పలేదు."

ఆమె నా వంక చూసింది. ఆ మూడు నెలల్లో నా కళ్ళలోకి నేరుగా చూడడం అదే మొదలు.

"అది ప్రశ్న గాదప్పా," అంది మెల్లగా. "నా పురుగు గురించి ఏమన్నా ఉంటే అడుగు."

హాలంతా నావైపు తిరిగింది. అన్నేళ్ళు ఆమె పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె వెంట ఆఫీసులకు తిరిగాను, ఆమె మాటలు పదిమందికి చెప్పాను, ఆమె కోసమని తప్పు కూడా చేశాను. ఆమె ఇదంతా దేనికోసం చేసిందో, ఆ పురుగు గురించి అడగడానికి నా దగ్గర ఒక్క ప్రశ్న లేదు.

"లేదక్కా," అన్నాను.

"అయితే కూర్చో," అంది.

కూర్చున్నాను. కాసేపటికి ఆమెను రెండోసారి డాక్టరుగా ప్రకటించారు, హాలు దద్దరిల్లింది. మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి పోయి, ఆమె గ్రంథం అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.